గజం రేటు, ఇంటి అద్దె, ఒక పేజీ అర్జీ: విజయనగరంలో లెక్కలతో మాట్లాడడం ఎలా?

సోమవారం పొద్దున విజయనగరం కలెక్టరేట్‌లో అర్జీలిచ్చే వరుసలో ఓ గంట నిలబడితే చాలు, ఇళ్ల గురించి, స్థలాల గురించి ఈ జిల్లాలో ఎన్ని బాధలున్నాయో తెలిసిపోతుంది. "ఎయిర్‌పోర్టు పేరు చెప్పి రేట్లు పెంచేశారు సార్", "అద్దెలు కట్టలేకపోతున్నాం సార్", "లేఅవుట్‌లో రోడ్డు లేదు సార్". అన్నీ నిజమే. కానీ ఎంత పెరిగింది, ఏ వీధిలో, ఎప్పటి నుంచి అని అడిగితే ఎవరి దగ్గరా కాగితం ఉండదు. కాగితం లేని మాటకి వచ్చే జవాబు కూడా మాటే: "చూస్తాం లెండి."

మా కాలనీ సంఘం తరఫున అర్జీలు రాసే పని కొన్నేళ్లుగా నా నెత్తిన పడింది. మొదట్లో నేనూ "రేట్లు ఆకాశాన్నంటాయి" అని రాసినవాడినే. తర్వాత తర్వాత తెలిసింది: పెద్ద పెద్ద అంకెలక్కర్లేదు, అవతలివాళ్లు పది నిమిషాల్లో సరిచూసుకోగలిగిన చిన్న అంకెలు మూడు ఉంటే చాలు. వాటిని ఎక్కడ పట్టుకోవాలో, ఎలా లెక్కేయాలో, ఎవరి ముందు పెట్టాలో నాకు తెలిసినంత చెప్తాను. నేను విజయనగరం లెక్కనే చెప్తున్నా, శ్రీకాకుళం వాళ్లకీ దారి ఇదే. అక్కడ వీఎంఆర్‌డీఏ బదులు చాలాచోట్ల సుడా ఉంటుంది (రెండూ పట్టణాభివృద్ధి సంస్థలే), అంతే తేడా.

ముందు ఎవరి తరఫునో తేల్చుకోండి

ఈ మెట్టు అందరూ దాటేస్తారు. నన్నడిగితే అసలు పనంతా ఇక్కడే ఉంది.

రిజిస్ట్రేషన్ విలువనే తీసుకోండి, అంటే రిజిస్ట్రేషన్ కోసం ప్రభుత్వం కట్టే గజం ధర. పట్నంలో ప్లాటు కొనుక్కునేవాడికి అది తక్కువుంటే లాభం. మన రాష్ట్రంలో అమ్మకం దస్తావేజుకి స్టాంపు డ్యూటీ 5 శాతం, బదిలీ సుంకం 1.5 శాతం, రిజిస్ట్రేషన్ ఫీజు 1 శాతం, వెరసి 7.5 శాతం. 150 గజాల ప్లాటుకి గజం విలువని 4,000 నుంచి 5,000 చేశారనుకోండి. మొత్తం విలువ లక్షన్నర పెరిగింది, కొనేవాడి చేతినుంచి అదనంగా 11,250 రూపాయలు పోతాయి. అక్కడితో ఆగదు. 2021-22 నుంచి మున్సిపాలిటీల్లో ఇంటి పన్నుని అద్దె విలువ మీద కాకుండా ఆస్తి మూలధన విలువ మీద వేస్తున్నారు. ఆ మూలధన విలువకి ఆధారం మళ్లీ ఈ రిజిస్ట్రేషన్ విలువే. భారం ఒక్కసారిగా పడకుండా పెంపుని 15 శాతానికి పరిమితం చేశారు కాబట్టి ఇంటి యజమానికి వెంటనే తెలీదు. ఏటేటా కొంచెం కొంచెంగా తెలుస్తుంది.

ఇప్పుడు అదే అంకెని పట్టుకుని భోగాపురం ఎయిర్‌పోర్టు, డెంకాడ వైపు వెళ్లండి. అక్కడ రోడ్డుకో, మరో ప్రాజెక్టుకో పొలం పోయే రైతు ఉంటాడు. 2013 భూసేకరణ చట్టం 26వ సెక్షన్ ప్రకారం అతని భూమి ధర కట్టేటప్పుడు ముఖ్యంగా రెండు లెక్కలు చూస్తారు. ఒకటి, స్టాంపుల చట్టం కింద ఉన్న విలువ. రెండోది, చుట్టుపక్కల అలాంటి భూములకి గత మూడేళ్లలో జరిగిన రిజిస్ట్రేషన్లలో, ఎక్కువ ధర చూపిన సగం దస్తావేజుల సగటు. రెంటిలో ఏది ఎక్కువైతే అది. రిజిస్ట్రేషన్ విలువ తక్కువుంటే మొదటి లెక్క పడిపోతుంది. జనం దస్తావేజుల్లో అసలు ధర రాయకుండా ప్రభుత్వ విలువే రాయించుకుంటారు కాబట్టి రెండోదీ పడిపోతుంది. పట్నంలో మనం "విలువ తగ్గించండి" అని సంతకాలు పెట్టిన కాగితం, పాతిక కిలోమీటర్ల అవతల ఇంకొకరి నష్టపరిహారాన్ని తగ్గించే కాగితం కూడా అవుతుంది.

అలాగని అర్జీ పెట్టొద్దని నా ఉద్దేశం కాదు. "జిల్లా అంతటా తగ్గించాలి" అని రాయకండి. ఫలానా రెవెన్యూ వార్డు, ఫలానా వీధులు, ఫలానా కారణం అని రాయండి. అడిగేది ఎంత ఇరుకుగా ఉంటే పక్కవాడికి అంత తక్కువ గాయమవుతుంది. ఇచ్చేవాడికీ అంత తేలిక.

ఇదయ్యాక రెండో ప్రశ్న: మీరు అడిగేది ఎవరి చేతిలో ఉంది? రిజిస్ట్రేషన్ విలువల సవరణ జాయింట్ కలెక్టర్ ఆధ్వర్యంలోని కమిటీ చేస్తుంది, సబ్ రిజిస్ట్రార్ దానికి కన్వీనర్. ఇంటి పన్ను, కాలనీ రోడ్లు, కాలవలు కార్పొరేషన్‌వి. మాస్టర్ ప్లాన్ వీఎంఆర్‌డీఏది, బొబ్బిలి వైపైతే అక్కడి పట్టణాభివృద్ధి సంస్థ బుడాది. పేదల ఇళ్ల స్థలాలు రెవెన్యూ, గృహనిర్మాణ శాఖలవి. అద్దెల సంగతి మాత్రం నేరుగా ఎవరిదీ కాదు. అందుకే ఆ లెక్క ఎవరి దగ్గరా లేదు, దాన్ని మీరే తయారు చెయ్యాలి. దాని గురించి తర్వాత విడిగా చెప్తాను.

ప్రభుత్వం దగ్గరున్న లెక్కలు తెచ్చుకోండి

పత్రికల్లో కనిపించే ఇళ్ల ధరల సూచీల కోసం వెతుక్కుని టైమ్ పాడు చేసుకోకండి. జాతీయ హౌసింగ్ బ్యాంకు రెసిడెక్స్‌లో విశాఖ ఉంది కానీ మనం లేం. రిజర్వు బ్యాంకు సూచీ పెద్ద నగరాలదే. విశాఖ అంకె తెచ్చి విజయనగరానికి అంటించామంటే మొదటి ప్రశ్నకే దొరికిపోతాం.

మొదట రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌కి వెళ్లండి. మార్కెట్ విలువల దగ్గర (రిజిస్ట్రేషన్ విలువకి అక్కడి పేరు ఇదే) జిల్లా, మండలం, గ్రామం ఎంచుకుంటే వ్యవసాయ భూమికి ఎకరం లెక్కన, ఇళ్ల స్థలాలకి గజం లెక్కన విలువలొస్తాయి. లాగిన్ అవసరం లేదు. మీ వీధిది, దాని పక్క నాలుగు వీధులది, కాస్త దూరంగా మీలాంటి మరో కాలనీది రాసుకోండి. పేజీని తేదీ కనిపించేలా ప్రింటు తీసి పెట్టుకోండి. రేపు విలువ మారితే పాతది మళ్లీ చూడడం కష్టం. 2025 ఫిబ్రవరి 1న సవరణ అమల్లోకి వచ్చినప్పుడు చాలామందికి పాత విలువ ఎంతో గుర్తులేక, ఎంత పెరిగిందో చెప్పలేకపోయారు.

ఇక్కడ మీరు వెతకాల్సింది "ఎక్కువ" అన్న మాట కాదు, "పొంతన లేదు" అన్న మాట. మెయిన్ రోడ్డు మీదున్న కొట్లకీ, వెనక మూడో సందులో వానొస్తే మోకాలి లోతు నీళ్లు నిలిచే ఇళ్లకీ ఒకే డోర్ నంబర్ల బ్లాకు కింద ఒకే విలువ ఉండొచ్చు. అది దొరికిందంటే మీ అర్జీ సగం రాసేసినట్టే. తగ్గించమని బతిమాలక్కర్లేదు, "ఈ రెండూ ఒకటి కావు, వేరు చెయ్యండి" అంటే చాలు. 2025 సవరణలో కొన్నిచోట్ల విలువలు తగ్గించారు కూడా. కాబట్టి ఎప్పుడూ పైకే పోతుందనుకోకండి.

అసలు బజారు ధర ఎంతో చూపించాలంటే దస్తావేజులు పనికిరావు, కారణం పైన చెప్పాను. బ్రోకర్ మాట అసలే పనికిరాదు. ఉన్నవాటిలో నమ్మదగ్గది బ్యాంకుల వేలం ప్రకటన. అప్పు తీర్చని ఇళ్లని బ్యాంకులు వేలం వేసేటప్పుడు కనీస ధర, విస్తీర్ణం, సర్వే నంబరుతో సహా పేపర్లో వేస్తాయి. ఏడాదిపాటు కత్తిరించి పెట్టుకుంటే మీ చుట్టుపక్కలవి ఐదారు దొరకొచ్చు. తక్కువే, కానీ అచ్చులో ఉన్న అంకెలు కదా!

లేఅవుట్ల గురించైతే రెరా, అంటే స్థిరాస్తి నియంత్రణ సంస్థ సైటు చూడండి. 500 చదరపు మీటర్లు, అంటే దాదాపు 598 గజాలు దాటిన స్థలంలో వెంచర్ వేసి అమ్మాలన్నా, ఎనిమిదికి మించి ఫ్లాట్లు కట్టి అమ్మాలన్నా రెరాలో నమోదు తప్పనిసరి. నమోదైన ప్రాజెక్టు ప్రతి మూడు నెలలకీ ఎన్ని ప్లాట్లు బుక్కయ్యాయో, ఎంతవరకు పని జరిగిందో సైట్లో పెట్టాలి. భోగాపురం, పూసపాటిరేగ, డెంకాడ మండలాల ప్రాజెక్టులు ఒక్కొక్కటీ తెరిచి మొత్తం ప్లాట్లెన్ని, బుక్కయినవెన్ని అని ఒక నోట్‌బుక్‌లో వేసుకుంటే, ఎయిర్‌పోర్టు చుట్టూ జరుగుతున్నది ఇళ్లు కట్టుకోవడమా, ప్లాట్లు చేతులు మారడమా అన్నది మీకే తెలుస్తుంది. నమోదు లేని వెంచర్లు ఇందులో రావు. ఆ మాట అర్జీలోనే ఒప్పుకోండి.

జనాభా లెక్కల దగ్గర జాగ్రత్త. ఇప్పటికీ వాడాల్సింది 2011 లెక్కలే. 2027 జనాభా లెక్కల్లో ఇళ్ల జాబితా దశకి 2026 ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ దాకా గడువు పెట్టారు. ఆ ఫలితాలు బయటికొచ్చేదాకా పాతవే గతి. 2011 ఇళ్ల పట్టికల్లో సొంతిళ్లెన్ని, అద్దెవెన్ని, ఖాళీవెన్ని, గదులెన్ని, ఇంట్లో నీళ్లున్నాయా, మరుగుదొడ్డి ఉందా అన్నీ ఉంటాయి. పట్టణాలకి వార్డు దాకా దొరుకుతాయి. కానీ అప్పటి విజయనగరం జిల్లా జనాభా 23.44 లక్షలంటే అందులో పార్వతీపురం, సాలూరు, కురుపాం ఉన్నాయి. 2022 ఏప్రిల్ 4న అవి పార్వతీపురం మన్యం జిల్లాకి వెళ్లాయి. శ్రీకాకుళం నుంచి రాజాం, వంగర, సంతకవిటి, రేగిడి ఆమదాలవలస మనకొచ్చాయి. ఇప్పటి హద్దులకి 2011 జనాభా సుమారు 19.3 లక్షలు. జిల్లా అంకె వాడాలంటే మండలాలవారీగా మళ్లీ కూడుకోవాల్సిందే. పట్నంలోనూ అంతే, అప్పటి వార్డులు వేరు, ఇప్పటి కార్పొరేషన్ 50 డివిజన్లు వేరు.

ఆదాయాల విషయానికొస్తే, జిల్లా తలసరి ఆదాయం అని ఒక అంకె దొరుకుతుంది, ముఖ్య ప్రణాళికాధికారి కార్యాలయం వేసే గణాంకాల పుస్తకంలోనూ చాలా వివరాలుంటాయి. తలసరి ఆదాయాన్ని ఇళ్ల అర్జీలో పెట్టకండి. శ్రీకాకుళం జిల్లానే చూడండి, పైడిభీమవరం ఫార్మా కంపెనీ ఉత్పత్తిలోంచి రణస్థలం కూలీ ఇంటికి ఎంత చేరుతుందో ఆ అంకె చెప్పదు. మీకు కావాల్సింది ఒక మనిషి రోజు కూలీ. పొద్దున్నే ఆరింటికి తాపీ పనివాళ్లు నిలబడే అడ్డా దగ్గరికెళ్లి పదిమందిని అడగండి: మేస్త్రీకెంత, మగ కూలీకెంత, ఆడ కూలీకెంత, పోయిన నెలలో ఎన్నాళ్లు పని దొరికింది. ఆ చివరి ప్రశ్న మరిచిపోవద్దు. రోజుకి ఎంత అన్నదానికన్నా నెలకి ఎన్నిరోజులు అన్నదే అద్దెని నిర్ణయిస్తుంది.

సమాచార హక్కు కాగితం: ఎందుకు అని అడగకండి

వెబ్‌సైట్లో లేనిదానికి సమాచార హక్కు దరఖాస్తు. మన రాష్ట్రంలో గ్రామ స్థాయి కార్యాలయానికి ఫీజు లేదు, మండల స్థాయికి 5 రూపాయలు, ఆపైన 10. కాపీలకి పేజీకి 2 రూపాయలు. జవాబుకి 30 రోజులు గడువు, రాకపోతే పై అధికారికి మొదటి అప్పీలు.

జనం చేసే తప్పు ప్రశ్నలో ఉంటుంది. "మా వీధి విలువ ఎందుకు పెంచారు?" అని అడిగితే "కారణాలు చెప్పడం సమాచారం కిందికి రాదు" అని ఒక్క వాక్యంతో వెనక్కి పంపిస్తారు. చట్టప్రకారం వాళ్లివ్వాల్సింది రికార్డుల్లో ఉన్నది, కొత్తగా ఆలోచించి చెప్పేది కాదు. ఇలా అడగండి: "ఫలానా రెవెన్యూ గ్రామంలో గత మూడేళ్లలో నెలవారీగా రిజిస్టరైన ఇళ్ల స్థలాల క్రయ దస్తావేజుల సంఖ్య, వాటి మొత్తం విస్తీర్ణం, మొత్తం విలువ." లేదా: "ఫలానా తేదీన విలువల సవరణ కోసం కమిటీ ముందు పెట్టిన ప్రతిపాదనల పట్టిక కాపీ, మినిట్స్ కాపీ." కార్పొరేషన్‌నైతే: "మా డివిజన్‌లో ఇంటి పన్ను అసెస్‌మెంట్ల సంఖ్య, డిమాండు, వసూలు, మూడేళ్లది." ఒక్కో దరఖాస్తులో మూడు ప్రశ్నలు మించకండి. ఇరవై ప్రశ్నలతో వచ్చిన కాగితం ఏ గుమస్తాకైనా విసుగే, మనుషులు మనుషులే కదా.

అద్దెల లెక్క: వీధిలోకి దిగాల్సిందే

ఇది నాకిష్టమైన భాగం, చెప్పుల అరుగుదల ఎక్కువున్న భాగం కూడా.

ఒక డివిజన్ తీసుకోండి. తోటపాలెం, దాసన్నపేట, గాజులరేగ, అయ్యన్నపేట, మీకు తెలిసినది ఏదైనా సరే. ప్రతి వీధిలో మొదటి ఇంటి నుంచి ప్రతి మూడో ఇల్లు. బాగా మాట్లాడతారనో, తెలిసినవాళ్లనో ఇళ్లు ఎంచుకోవద్దు. అరవై అద్దె ఇళ్లు వచ్చేదాకా తిరగండి. ఆదివారం పొద్దున వెళ్తే మనుషులు దొరుకుతారు.

మొదటిసారి నేను వెళ్లినప్పుడు చేతిలో అట్ట, పెన్ను, మెడలో ఐడీ కార్డు లాంటిదొకటి. మూడో ఇంటి దగ్గర అరుగు మీద బియ్యం ఏరుతున్న ముసలామె నన్ను కిందనుంచి పైదాకా చూసి, "ఏటి బాబూ రాసుకుంటున్నావు? పన్నుకోసం వచ్చావేటి?" అంది. ఆ మాట వీధంతా పాకింది. తర్వాత అడిగిన ఇళ్లలో అద్దెకున్నవాళ్లంతా "మా చుట్టాలిల్లేనండి, అద్దె లేదు" అన్నారు. ఆ ఆదివారం లెక్క చించేశాను. అప్పటినుంచి కార్డు లేదు, అట్ట లేదు. ఆ వీధి మనిషినొకరిని వెంట తీసుకెళ్తాను. మొదటి మాటే "పేరు రాయం, డోర్ నంబరు రాయం, వీధి పేరు ఒక్కటే" అని చెప్తాను, చెప్పినట్టే చేస్తాను.

అడగాల్సింది యజమానిని కాదు, అద్దెకున్నవాళ్లని. యజమాని తక్కువ చెప్తాడు. ఖాళీ ఇంటికి బోర్డు కట్టినవాడు ఎక్కువ చెప్తాడు, బేరం ఉంటుందని. ప్రశ్నలు ఇవి చాలు: నెలకి అద్దె ఎంత? కరెంటు, నీళ్లు అందులోనేనా విడిగానా? అడ్వాన్సు ఎన్ని నెలలది? గదులెన్ని? మరుగుదొడ్డి లోపలా బయటా, ఎన్ని కుటుంబాలకి ఒకటి? ఈ ఇంట్లో దిగి ఎన్నాళ్లైంది? ఇక్కడికి రాకముందు ఎక్కడ, అక్కడ అద్దెంత?

చివరి రెండూ అనవసరం అనిపిస్తాయి కానీ ఉన్నవాటిలో బంగారం అవే. ఏడెనిమిదేళ్లుగా ఉన్నవాళ్లు పాత అద్దె మీదే ఏటా రెండొందలో మూడొందలో పెంచుకుంటూ వస్తారు. నిన్న దిగినవాళ్లు ఇవాళ్టి ధర కడతారు. ఇద్దర్నీ కలిపేస్తే అద్దెలు పెరగనట్టే కనిపిస్తాయి. విడగొట్టి చూస్తే తేడా కళ్లకి కడుతుంది. ఎక్కడినుంచి వచ్చారన్నది తెలిస్తే, జనం కోట దగ్గర నుంచి రింగు రోడ్డు అవతలికి ఎందుకు జరుగుతున్నారో తెలుస్తుంది.

ఎప్పుడు తిరిగారన్నదీ ముఖ్యమే. ఆషాఢంలో మనవాళ్లు ఇల్లు మారరు. ఆ నెలలో వీధికి నాలుగు టు-లెట్ బోర్డులు కనిపిస్తాయి, చూసి "ఇళ్లు ఖాళీగా పడున్నాయి" అనుకుంటే పొరపాటు. శ్రావణం రాగానే అవన్నీ మాయం. ఈ ఏడాది ఏ నెలలో తిరిగితే వచ్చే ఏడాదీ అదే నెలలో తిరగండి.

లెక్కేసేటప్పుడు

సగటు వాడకండి, మధ్య అంకె వాడండి. ఐదు ఇళ్ల అద్దెలు 3,500, 4,000, 4,500, 5,000, 14,000 అనుకోండి. సగటు తీస్తే 6,200 వస్తుంది. ఆ వీధిలో 6,200 కట్టే ఇల్లు ఒక్కటీ లేదు. వరుసగా పేర్చి మధ్యలోది తీస్తే 4,500, అది అక్కడ నిజంగా ఒకరు కడుతున్న అద్దె. అధికారికి కూడా నోటితో చెప్పొచ్చు: "సగం మంది ఇంతకన్నా ఎక్కువ కడుతున్నారండి."

ఆ అద్దెని అడ్డా దగ్గర రాసుకున్న నెల సంపాదనతో భాగించండి. సంపాదనలో 30 శాతం దాటితే అద్దె భారమే అని అందరూ వాడే కొలబద్ద ఒకటుంది. నాకు అదంటే పూర్తి నమ్మకం లేదు. నెలకి 10 వేలొచ్చే ఇంట్లో 25 శాతం పోయినా మిగిలినదాంతో బతకడం కష్టం, లక్షొచ్చే ఇంట్లో 40 శాతం పోయినా ఇబ్బంది లేదు. అందుకని శాతంతో పాటు "అద్దె పోగా చేతిలో ఇంత మిగులుతోంది" అని రూపాయల్లో కూడా రాయండి. చదివేవాళ్లకి వెంటనే తగులుతుంది.

కొలతల దగ్గర నేను పరువు పోగొట్టుకున్న సంగతి చెప్పాలి. ఎకరం 100 సెంట్లు, సెంటు 48.4 గజాలు, ఎకరానికి 4,840 గజాలు. ఇది అందరికీ తెలిసిందే. ఒకసారి ఓ వెంచర్ పక్కన పొలం విలువని ఎకరం లెక్క నుంచి గజం లెక్కకి మార్చి, దాన్ని వెంచర్లో ప్లాటు విలువ పక్కన పెట్టి, "ఇన్ని రెట్లు తేడా, అన్యాయం" అని అర్జీ రాశాం. ఎకరం 25 లక్షలైతే 4,840తో భాగిస్తే గజం సుమారు 517 రూపాయలు, అలాంటి లెక్క. అర్జీ తీసుకున్న అధికారి చదివి, పెన్ను కింద పెట్టి, "రోడ్లెక్కడికి పోయాయండీ?" అన్నారు. నాకు అర్థం కాలేదు. ఆయనే చెప్పారు: ఎకరంలో లేఅవుట్ వేస్తే రోడ్లు పోవాలి, 10 శాతం ఖాళీ స్థలం వదలాలి, అమ్ముకోవడానికి మిగిలేది సగానికి కాస్త పైన. కాలవ, కరెంటు, చదును ఖర్చు వేరే. ఎకరం రేటుని 4,840తో భాగించి ప్లాటు పక్కన పెట్టడం లెక్కే కాదు. ఆ ఒక్క తప్పుతో మిగతా నాలుగు మంచి అంకెలున్న కాగితం కూడా పక్కకి పోయింది. అప్పటినుంచి అర్జీ ఇచ్చే ముందు లెక్కలు రాని మనిషొకరికీ, లెక్కలు బాగా వచ్చిన మనిషొకరికీ చూపిస్తున్నాను. మా సంఘంలో రెండో రకానికి ఒక రిటైర్డ్ మాస్టారున్నారు. ఆయన ఎర్ర పెన్ను దాటితేనే కాగితం బయటికెళ్తుంది.

ఒక పేజీలో రాయండి

అర్జీ ఒక పేజీ. పట్టికలు, ప్రింట్లు, ఫొటోలు వెనక జత చెయ్యండి. మొదటి వాక్యంలోనే ఏం కావాలో ఉండాలి. "మేము చాలా కాలంగా ఇబ్బందులు పడుతున్నాము" అని మొదలుపెడితే నాలుగో వాక్యం దాకా ఎవరూ చదవరు. ఒక నమూనా:

"జాయింట్ కలెక్టర్ గారికి నమస్కారములు. మా కాలనీలోని … నుంచి … వరకు ఉన్న వీధులను మెయిన్ రోడ్డు బ్లాకు నుంచి విడదీసి వేరుగా విలువ నిర్ణయించాలని కోరుతున్నాము. కారణాలు: మెయిన్ రోడ్డుకు, ఈ వీధులకు ఒకే గజం విలువ … ఉంది (జత 1: వెబ్‌సైట్ ప్రింటు, తేదీ …). గత ఏడాది ఈ వీధుల్లో బ్యాంకు వేలం ప్రకటనల్లోని కనీస ధర గజానికి … (జత 2). ఈ వీధుల్లో … ఇళ్లలో … ఇళ్లకు డ్రైనేజీ లేదు (జత 3: ఫొటోలు, పటం). పై అంకెలను ఎప్పుడైనా మీ సిబ్బందితో కలిసి వచ్చి చూపగలము."

ఆ చివరి వాక్యం వదలకండి. మేం అది రాయడం మొదలుపెట్టాక ఓసారి నిజంగానే ఒక ఉద్యోగి వచ్చి వీధి చూసి వెళ్లారు. లెక్క తప్పైతే దొరికిపోతామన్న భయం మనకీ మంచిదే.

"అవినీతి", "కుమ్మక్కు", "రియల్ ఎస్టేట్ మాఫియా" లాంటి మాటలు రాయకండి. నిజమో కాదో నిరూపించే కాగితం మీ దగ్గర ఉండదు, ఉన్న అంకెల బరువు కూడా పోతుంది.

ఎప్పుడు, ఎవరికి

సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకునే పీజీఆర్‌ఎస్‌లో ఇస్తే రసీదు నంబరు వస్తుంది, అది భద్రం. కానీ మంచి అర్జీకైనా సమయం తప్పితే పని జరగదు. విలువల సవరణ ప్రతిపాదనలు బయటపెట్టి అభ్యంతరాలు అడిగినప్పుడు కొద్ది రోజులే టైమ్ ఉంటుంది. మాస్టర్ ప్లాన్ ముసాయిదా అయినా అంతే. ఆ నోటీసు వచ్చాక లెక్కలు మొదలుపెడితే అయ్యే పని కాదు. లెక్క ముందే సిద్ధంగా ఉండాలి, నోటీసు రాగానే తేదీ వేసి ఇచ్చెయ్యాలి. సబ్ రిజిస్ట్రార్ కార్యాలయం గోడ మీద నోటీసుల బోర్డుని నెలకోసారి చూసే బాధ్యత సంఘంలో ఒకరికి అప్పగించండి.

కార్పొరేషన్ పనులకైతే బడ్జెట్ పెట్టే ముందే కార్పొరేషన్‌లో కాగితం ఇవ్వండి. పేదల ఇళ్ల కాలనీల విషయంలో మీ అంకె ఇంకొంచెం పెద్దగా పనిచేస్తుంది. గుంకలాంలో సుమారు 12 వేల ప్లాట్లతో పెద్ద లేఅవుట్ వేశారు. అలాంటి చోట ఎన్ని ఇళ్లు కట్టారన్న లెక్క ప్రభుత్వం దగ్గర ఉంటుంది. ఎన్ని ఇళ్లలో రాత్రి దీపం వెలుగుతోంది, అక్కడినుంచి పనికి పోవడానికి ఆటోకి రోజుకెంత అవుతోంది అన్న లెక్క ఉండదు. పట్నంలో మిగిల్చిన అద్దె ఆటో ఖర్చుకి పోతుంటే జనం కొత్తింటికి తాళం వేసి మళ్లీ అద్దె ఇంటికే వస్తారు. బస్సు అడగాలన్నా ఆ లెక్కే ఆయుధం.

పేపర్ వాళ్లకి ఇస్తే జిల్లా ఎడిషన్లో వస్తుంది. అర్జీ ఇచ్చి రసీదు తీసుకున్నాక ఇవ్వండి, ముందు కాదు. పేపర్లో చూసి తెలుసుకున్న అధికారికి మీ మీద కోపం వస్తుంది, అది సహజం.

జవాబు రాకపోతే నెల తర్వాత అదే రసీదు నంబరుతో వెళ్లండి. కొత్త అర్జీ రాయకండి, పాతది మూసేస్తారు. "పరిశీలనలో ఉంది" అని వస్తే ఎవరి పరిశీలనలో, ఏ తేదీన ఫైలు కదిలిందో సమాచార హక్కు కింద అడగండి.

నింపిన ఫారాలన్నీ ఒక బిస్కెట్ డబ్బాలో పెట్టి ఉంచుతాను. ఏటా శ్రావణం మొదటి ఆదివారం అవే వీధులు, అవే ఇళ్లు. పన్నుకోసం వచ్చావేటి అన్న ఆ ముసలామెకి వెనక వైపు రెండు గదుల వాటా ఉందని తర్వాత తెలిసింది. మూడో ఏడాది నుంచి నేను గేటు తియ్యకముందే కేకేస్తుంది: "ఈ ఏడు మూడొందలు పెంచాను బాబూ, రాసుకో. కొత్తోళ్లయితే ఐదొందలడిగేదాన్ని."